ఉత్తరములు రాలేదా, మనము తీయలేదా?

2025 ఫిబ్రవరి సర్వసభ్య సమావేశమున మన సంఘపు పెద్దలొకరు వేదికపై నిలిచి పలికిన మాట చాలమంది చెవులలో ఇంకను మ్రోగుచునే యుండును. "వెబ్‌సైటు పెట్టితిమి. అందులో ఫారము పెట్టితిమి. ఎనిమిది మాసములలో ఒక్క తెలుగు కుటుంబమైనను ఒక్క ముక్క వ్రాసిన పాపమున పోలేదు. వినువారు లేనిచోట హరికథ యెందులకు?" అని వారనిరి. సభలో చప్పట్లు మ్రోగినవి. ఆ చప్పట్ల వేడిలోనే శనివారపు తెలుగు తరగతిని నిలిపివేయవలెననియు, జూన్ నెలకు తెప్పింపవలసిన తెలుగు వాచకములను తెప్పింపనక్కర లేదనియు తీర్మానము నెగ్గినది. నేనును ఆ సభలో నుంటిని. నేనును చేయి యెత్తితిని. ఆ యెత్తిన చేతితోనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆ మాట అబద్ధము. చెప్పినవారు అబద్ధమాడిరని నేననను. వారు నమ్మియే చెప్పిరి. మాట మాత్రము అబద్ధము. ఆ యెనిమిది మాసములలో మనవారు 63 ఉత్తరములు వ్రాసిరి. ప్రకటనల చెత్తను ఏరివేయగా మిగిలిన లెక్క యిది. ఆ 63ను మన సంఘపు పేరుననే యున్న ఒక పెట్టెలో ఒక్కటియు విప్పబడక పడియుండినవి.

మొదట నాకు సందేహము కలిగించినది, ఒక పెండ్లిలో కలిసిన మేనకోడలు వరుస పిల్ల. "మామయ్యా, మూడుసార్లు రాస్తిని. మూడుసార్లూ పచ్చ గీత గీసి మీ సందేశం పంపబడిందనె. ఆపైన పలుకే లేదు. మీ సంఘమోళ్ళకి మేము కంటికి ఆనలేదా?" అని ఆమె పదిమందిలో నన్ను నిలవేసి అడిగినది. వడ్డన జరుగుచున్నది. ఆకులో పప్పు చల్లారినది. నాకు సమాధానము దొరకలేదు.

మరునాడు కార్యాలయమునకు పోయి, కంప్యూటరు తెలిసిన ఒక సభ్యుని కుమారుని ప్రక్కన గూర్చుండబెట్టుకొని, ఫారములో నా పేర నేనే ఒక ఉత్తరము వ్రాసితిని. పచ్చ గీత వచ్చినది. కార్యాలయపు ఈమెయిలు పెట్టె తెరచి చూచితిమి. అరగంట గడచినను ఏమియు రాలేదు. స్పామ్ అరలో వెదకితిమి, అక్కడను లేదు. ఈ పరీక్షకు పట్టిన కాలము అరగంట. ఎనిమిది మాసములలో ఈ అరగంట మనలో నెవ్వరికిని చిక్కలేదు. ప్రజలను నిందించు తీర్మానము చేయుటకు మాత్రము మూడు గంటలు చిక్కినవి!

ఆ పచ్చ గీత సంగతి ముందుగా చెప్పవలెను. ఏలయన మోసమంతయు అందే యున్నది. మన వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్ అను సాధనముపై నడచుచున్నది. ఎవరైన ఫారము నింపి మీట నొక్కినచో వర్డ్‌ప్రెస్ ఆ ఉత్తరమును తాను మోసికొనిపోదు. తానున్న సర్వరులోని తపాలా యంత్రమునకు అప్పగించును. ఆ యంత్రము "పుచ్చుకొంటిని" అనగానే పచ్చ గీత కనబడును. పుచ్చుకొనుట వేరు, చేర్చుట వేరు. పి.హెచ్.పి. భాషకు సంబంధించిన అధికార గ్రంథములోనే, మెయిలు ఆజ్ఞ సఫలమైనంత మాత్రమున ఉత్తరము గమ్యము చేరినట్లు కాదని స్పష్టముగా హెచ్చరించి యున్నారు. వీధి మూలనున్న ఎఱ్ఱ డబ్బాలో కార్డు వేసినపుడు టప్పుమని శబ్దమగును. ఆ శబ్దము విని, కార్డు అత్తవారింటికి చేరినదని ఎవరును సంతోషింపరు. మనము మాత్రము ఆ శబ్దమునకు పచ్చరంగు పూసి జనులకు రసీదుగా చూపించితిమి. ఆ రసీదును నమ్మి వారు ఇండ్లలో కూర్చుండి జవాబు కొరకు ఎదురుచూచిరి.

మరి ఆ ఉత్తరములను సర్వరు ఏమి చేసినది? 2024 జూన్ వరకు మన వెబ్‌సైటును మన ఈమెయిలును ఒకే అద్దె సర్వరులో నుండెడివి. పెట్టెలో చోటు చాలుట లేదని ఆ నెలలో ఈమెయిలును మాత్రము వేరొక కంపెనీకి మార్చితిమి. ఆ మార్పు బయటివారి విషయమున సక్రమముగానే జరిగినది. ఈ పేరుగల సంఘపు ఉత్తరములను ఫలాన చోట అప్పగింపుడని లోకమునకు తెలుపు పంక్తి డి.ఎన్.ఎస్. పట్టికలో నొకటి యుండును, దానిని ఎం.ఎక్స్. నమోదు అందురు. ఆ పంక్తి మారినది. బ్యాంకువారి ఉత్తరములు క్రొత్తచోటికి వచ్చినవి, కరెంటు బిల్లు వచ్చినది, చీరల దుకాణము ప్రకటనలు వచ్చినవి. పెట్టె చక్కగా పనిచేయుచున్నదని అందరును నమ్మిరి.

కాని పాత సర్వరునకు ఆ కబురు చెప్పినవారు లేరు. దాని పట్టికలో మన సంఘము ఇంకను ఆ యింటి మనిషియే. ఇంటి మనిషికి వచ్చిన ఉత్తరమునకు సర్వరు డి.ఎన్.ఎస్. పట్టిక చూడదు, ఎం.ఎక్స్. పంక్తి యేమి చెప్పుచున్నదని విచారింపదు; తనలోనున్న పాత పెట్టెలో నేరుగా పడవేయును. మన ఫారము వ్రాయు ఉత్తరములు ఆ సర్వరులోనే పుట్టును గదా! అవి గడప దాటనే లేదు. వెనుకకు తిరిగి రాలేదు, దోషమని ఎవరికిని తెలుపలేదు. సర్వరు దృష్టిలో అవన్నియు చేరవలసినచోటికే చేరినవి. సీప్యానెల్ అను నిర్వాహకుని పుటలో ఈమెయిల్ రౌటింగ్ అనుచోట "లోకల్" అని యున్నదానిని "రిమోట్" అని మార్చవలెను. అంతే. ఒక్క మీట నొక్కనందున 63 ఉత్తరములకు మనము మూగవారమైతిమి.

ఆ పాత పెట్టెను తెరచిన సాయంకాలము నేను మరువజాలను. చదువని ఉత్తరములు తేదీల వరుసను నిలిచియున్నవి. 63లో 19 ఉత్తరములు శనివారపు తరగతిని గూర్చినవే. "మా బాబు మాట్లాడును, చదువలేడు, ఏడేండ్లవాడు, చేర్చుకొందురా?" అని ఒక తల్లి. "ఇద్దరు పిల్లలు, బస్సు దిగి నడువవలెను, సాయంత్రము ఎన్ని గంటలకు విడుతురు?" అని ఇంకొక తండ్రి. ఏ తరగతికి పిల్లలు లేరని మనము మూసివేసితిమో, ఆ తరగతి తలుపు తట్టి 19 ఇండ్లవారు నిలిచియున్నారు. ఒకాయన వాచకములు 12 ప్రతులు కావలెననియు, వెల ముందుగనే పంపెదననియు వ్రాసిరి. పదవ తరగతిలో తెలుగు పేపరు వ్రాయదలచిన పిల్లకు పాఠము చెప్పువారు కావలెనని 2024 సెప్టెంబరులో వ్రాసిన ఉత్తరము నేను తెరచినది మార్చి మొదటి వారమున. పరీక్ష ఆ నెలాఖరుననే!

నాలుగు ఉత్తరములు తమిళ లిపిలో నున్నవి. భాష మాత్రము తెలుగు. నోటిలో భాష నిలిచినది, చేతిలో లిపి నిలువలేదు. ఐనను ఉన్న లిపితోనే, తమ అవ్వల నాటి మాటలతో, తెలుగు నేర్పుడని వారడిగిరి. అభిమానము చచ్చినదని మనము చప్పట్లు కొట్టినది ఈ ప్రజలను గూర్చియే.

ఇంకొకటి చెప్పక తప్పదు. ఎనుబదేండ్ల వృద్ధులొకరు, తమ తండ్రిగారు కూర్చిన తెలుగు పుస్తకములు రెండు పెట్టెలున్నవనియు, ఇల్లు అమ్ముచున్నామనియు, డిసెంబరు నెలాఖరులోగా ఎవరైన వచ్చి తీసికొనిపోవలెననియు వ్రాసిరి. నవంబరులో నొకసారి జ్ఞాపకము చేసిరి. డిసెంబరు 20న మూడవసారి వ్రాసిరి. ఆ మూడవ ఉత్తరము రెండే పంక్తులు. నేను వారి యింటికి పోవునప్పటికి ఆ గడపలో వేరొకరు కాపురముండిరి. పుస్తకములు పాత కాగితముల వ్యాపారికి పోయినవని ప్రక్కింటివారు చెప్పిరి.

కొందరు పెద్దలు ఈ సంగతి విని, "ఇది కంపెనీవారి తప్పు" అనుచున్నారు. ఏ కంపెనీ? పాతవారు తమకు చెప్పినట్లు చేసిరి. క్రొత్తవారు తమకు చేరిన ఉత్తరములన్నియు అందించిరి. రెంటి నడుమనున్న సంగతి చూచుకొనవలసిన యజమాని మనము. మరికొందరు, "ఆ ఫారము ప్లగిన్ మంచిది కాదు, వేరొకటి పెట్టుదము" అనుచున్నారు. వీథి తెగిపోయినపుడు వాకిలి తలుపు మార్చినందువలన బండి వచ్చునా? క్రొత్త ప్లగిన్ గూడ ఆ సర్వరుకే ఉత్తరము నప్పగించును, అదియు ఆ పాత పెట్టెలోనే పడును.

ఇంక "జనులలో ఆసక్తి తగ్గినది" అను వాదము. ఈ వాదులను నేనొక్క ప్రశ్న అడుగుదును. 2024 జూన్ దాక కార్యాలయపు పెట్టెకు ఫారము ఉత్తరములు వచ్చుచునే యున్నవి. తపాలా మార్చిన దినముతో సరిగా ఆగిపోయినవి. పాత పెట్టెలోని మొదటి చదువని ఉత్తరము దాని మరునాటిది. తరతరములుగా నిలిచిన భాషాభిమానము ఒక్క రాత్రిలో, అదియు సర్వరు మారిన రాత్రిననే, నశించునా? ఆసక్తి తగ్గినచో ఉత్తరములు క్రమముగా తగ్గును. పదినుండి ఆరునకు, ఆరునుండి మూడునకు దిగును. ఒక్కసారిగా సున్న అయినచో గొట్టము పగిలినదని అర్థము. కుళాయిలో నీరు ఆగినపుడు ఊరివారికి దాహము తీరినదని మున్సిపాలిటీవారు తీర్మానము చేయుదురా?

రౌటింగు సరిచేసిన తోడనే చిక్కులన్నియు తీరలేదు. జీమెయిలు చిరునామా వేసి పరీక్షా ఉత్తరము వ్రాయగా అది స్పామ్ అరలో పడినది. యాహూ చిరునామా వేసి వ్రాయగా అసలే రాలేదు. విచారింపగా, మన ఫారము ఉత్తరముపై పంపినవారను చోట, నింపినవారి చిరునామానే వేయుచున్నదని తేలినది. చూచుటకు మర్యాదగానే యుండును. తపాలా సర్వరుల కంటికి అది దొంగ సంతకము. యాహూ చిరునామాతో ఉత్తరము పంపు అధికారము యాహూవారి సర్వరులకే గాని మన అద్దె సర్వరునకు లేదు. తమ పేరు పెట్టుకొని అనధికారముగా వచ్చు ఉత్తరములను తిరస్కరింపుడని డీమార్క్ అను నియమము ద్వారా యాహూవారు 2014 ఏప్రిల్‌లోనే లోకమునకు చాటిరి. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు రెండును, తమ పెట్టెలకు ఉత్తరము పంపు ప్రతివారును ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం. అను గుర్తింపులలో ఒకటియైనను చూపవలెనని విధించినవి. మొదటిది, ఒక పేరున ఉత్తరములు పంపదగిన సర్వరుల జాబితా. రెండవది, ఉత్తరముపై వేయు ముద్ర.

మన డి.ఎన్.ఎస్. పట్టికలో ఎస్.పి.ఎఫ్. పంక్తులు రెండు కనబడినవి. పాతవారి నాటిదొకటి, క్రొత్తవారు వ్రాయించినదొకటి. ఒక పేరునకు ఒక్క పంక్తియే యుండవలెనని నియమము. రెండున్నచో పరీక్షించువారు దోషమని తేల్చి రెంటిని త్రోసిపుచ్చుదురు. రెండు రేషను కార్డులున్న యింటికి ఏ కార్డుపైనను బియ్యము దొరకనట్లే. రెంటిని కలిపి ఒక్కటి చేసితిమి. పంపినవారను చోట సంఘపు చిరునామాయే వేయించి, జవాబు పోవలసిన చిరునామాగా మాత్రము నింపినవారిది ఉంచితిమి. సర్వరు తపాలా యంత్రమును నమ్ముట మాని, క్రొత్త కంపెనీ తపాలాలో పేరు, సంకేతపదము చెప్పి ప్రవేశించి 587 సంఖ్య ద్వారమున ఉత్తరము పంపు ఏర్పాటు చేసితిమి. దీనినే ఎస్.ఎం.టి.పి. పద్ధతి యందురు. దీనియందును ఒక మెలిక కలదు. రేపెవరైన కార్యాలయపు సంకేతపదమును మార్చి, ఫారమునకిచ్చిన సంకేతపదమును మార్చుట మరచినచో, ఫారము మరల మూగవోవును. కావున ఈ సంగతి కాగితముపై వ్రాసి బీరువా తలుపునకు లోపలివైపున అంటించితిని. నన్ను చూచి నవ్వినవారున్నారు. నవ్వనిండు.

ఐనను నా ముఖ్యమైన ఆక్షేపణ ఇవేవియు కావు. ఈమెయిలు అనునది ఎన్నడో ఒకనాడు తప్పిపోవును. దానిని పూర్తిగా నమ్మరాదు. ఈమెయిలు ఒక కబురు మాత్రమే. అసలు ఉత్తరము మన యింట నిలిచి యుండవలెను. మన వెబ్‌సైటులోనున్న కాంటాక్ట్ ఫారమ్ 7 అను ప్లగిన్ తనంతట తాను ఉత్తరము ప్రతిని దాచదు. మెయిలు పోయిన ఉత్తరము పోయినట్లే. ఫ్లమింగో అను తోడు ప్లగిన్ చేర్చినచో ప్రతి ఉత్తరమును వెబ్‌సైటు దస్తరములోనే నిలుపును. దానికి వెల లేదు. దానిని 2017లో వెబ్‌సైటు కట్టిననాడే పెట్టియుండవలసినది. మన అదృష్టము బాగుండి సర్వరు ఉత్తరములను పాత పెట్టెలో వేసినది గాని, గాలిలో కలిపియున్నచో ఆ కుటుంబములు వ్రాసిరను సంగతియే మనకు తెలియకపోయెడిది. మన తీర్మానము సత్యమై చరిత్రలో నిలిచెడిది. (దాచిన ఉత్తరములలో జనుల ఫోను నంబరులుండును గనుక, జవాబు వ్రాసి పని తీరినవానిని తీసివేయుచుండవలెను.)

"ఫారమెందులకు, వాట్సాప్ చాలదా?" అనువారికి ఒక మాట. వాట్సాప్ మంచిదే, వ్రాయలేని అవ్వ మాట్లాడి పంపగలదు. కాని ఆ నంబరు ఒక మనిషి జేబులో నుండును. కార్యవర్గము మారినపుడు ఆ జేబుతోబాటు ఉత్తరములన్నియు పోవును. మన సంఘములో ఇదివరకే ముగ్గురు కార్యదర్శులు దస్తరములతో సహా పదవి విడిచిన చరిత్ర మనకున్నది. మనకు తెలిసినవారు మనకు ఫోను చేయుదురు. మనకు తెలియనివారికే ఫారము కావలెను. ఆ తెలియనివారి కొరకే గదా సంఘము!

మనము ప్రతి సభలోను రాజ్యాంగము 350వ అధికరణమును వల్లింతుము. తన బాధను నివేదించుకొనుటకు, కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను విజ్ఞప్తి చేసికొను హక్కు ప్రతి మనిషికిని కలదని అది చెప్పుచున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా 350-ఎ, 350-బి అధికరణములు చేరి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను, అల్పసంఖ్యాక భాషలవారి కొరకు ప్రత్యేకాధికారిని మనకిచ్చినవి. విజ్ఞప్తులకు జవాబు రాదని అధికారులపై మనము విసుగుకొందుము. మన బిడ్డలు మనకు చేసికొన్న విజ్ఞప్తులకు మనమిచ్చిన జవాబేమి? పచ్చ గీత!

కాలము గడచిన జవాబునకు విలువ లేదని మనకు తెలియనిదా? 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టము వచ్చినది మొదలు మన పిల్లల చదువు గడువుల మీదనే నడచినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భాషా అల్పసంఖ్యాకుల బడుల పిల్లలకు పదవ తరగతి తమిళ పేపరు నుండి మినహాయింపు నిచ్చినది ఆ యొక్క యేటి పరీక్షకే. అట్టి ఉత్తరువులు పరీక్షకు కొన్ని వారముల ముందు వచ్చును. ఆ వారములలో తండ్రులు సంఘమును గాక ఎవరినడుగుదురు? ఆ వేళ మన పెట్టె మూసికొని యున్నచో, కోర్టు ఇచ్చినదానిని మన చేతులతో మనమే పోగొట్టుకొన్నట్లు.

కార్యవర్గమునకు నా కోరిక యిది. ఫిబ్రవరి తీర్మానమును రద్దుచేయవలెను. ప్రజలను నిందించిన మాటను నడవడి పుస్తకమునుండి కొట్టివేయక, దాని క్రిందనే నిజమును వ్రాయవలెను. పచ్చ గీతలోని వాక్యమును మార్చి, "మీ ఉత్తరము దస్తరములో చేరినది, ఏడు దినములలో జవాబు రానిచో ఈ నంబరునకు ఫోను చేయుడు" అని తెలుగులోను, తమిళ లిపిలోను పెట్టవలెను. ప్రతి సోమవారము ఉదయము ఒకరు తమ సొంత జీమెయిలు నుండి, ఇంకొకరు యాహూ నుండి ఫారము నింపి, ఉత్తరము వచ్చినదో లేదో ఈ పత్రికలో రెండు పంక్తులు ప్రకటింపవలెను. పెండ్లి శుభాకాంక్షలకు స్థలమున్న పత్రికలో ఆ రెండు పంక్తులకు స్థలముండదా?

63 ఉత్తరములను అచ్చు తీయించి కార్యాలయపు బల్లపై నుంచితిని. 22కు జవాబులు వ్రాసితిమి. వానిలో మొదటిది మా మేనకోడలికి. మిగిలినవి 41. శనివారము సాయంత్రము 4 గంటలకు, తరగతి జరుగుచుండిన వేళకే, గది తలుపు తెరచియుండును. చేయి యెత్తినవారందరును కలము తీసికొని రావలెను.